నమ్మి చెప్పిన మాట

(సహాయక సేవాసంఘముల కార్యకర్తలును, గ్రామస్థులును పాల్గొన్న శిక్షణ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేటి సభలో మేము ప్రస్తావింపదలచిన విషయము పేరునకు క్రొత్తదే గాని, దాని మూలమందలి ధర్మము మిక్కిలి ప్రాతది. పూర్వము మన పల్లెలలో ఒకరు తీర్థయాత్రకు బయలుదేరునపుడు ఇంటనున్న నగలమూటను నమ్మకమైన పొరుగువారి కిచ్చి, తాము తిరిగివచ్చువరకు దాచియుంచుమని కోరెడివారు. అట్లు నమ్మి యిచ్చిన సొమ్మును పెద్దలు ‘ఇల్లడ’ యనెడివారు. ఇల్లడ చేతిలో నున్నంత మాత్రమున అది మనది కాదు. దానిని వాడుకొనరాదు, ఇరుగుపొరుగువారికి చూపరాదు, అడిగిన దినమున మారుమాట లేక అప్పగింపవలయును.

నేడు కష్టములో నున్నవారు ఒక సేవాసంఘము గడప త్రొక్కినపుడు మొట్టమొదట అప్పగించునవి నగలు కావు, మాటలు. పేరు, ఊరు, ఫోను నంబరు, ఆధారు సంఖ్య, ఇంటిలోని కలహము, ఒంటిలోని జబ్బు, చేసిన అప్పు, బిడ్డల చదువు—ఇవి యన్నియు కార్యకర్త చెవిని బడి, అటనుండి రిజిస్టరులోనికో, కంప్యూటరులోనికో, చేతిలోని ఫోనులోనికో చేరుచున్నవి. ఇదియు ఇల్లడయే. దీనిని కాపాడనిచో కలుగు నష్టమెట్టిది? కాపాడుట యెట్లు? నమ్మి చెప్పినవారికి గల హక్కు లెవ్వి? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పికొనుటయే నేటి మన పని.

సేవాసంఘములు పెక్కు తీరులవి. దిక్కులేని వృద్ధులను ఆదుకొనునవి కలవు. భర్త కొట్టగా ఇల్లు వెడలిన స్త్రీకి నీడ నిచ్చునవి కలవు. తప్పిపోయిన బిడ్డలను వెదకి తల్లిదండ్రుల చెంత చేర్చునవి కలవు. అన్నింటికిని వర్తించు సూత్రములు ఒక్కటియే యైనను, విషయము స్పష్టమగుటకై మేము ఒక్క రంగమును ఉదాహరణముగా దీసికొనుచున్నాము. అది హెచ్.ఐ.వి. సోకినవారికి తోడ్పడు సంఘముల పని. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెండును ఈ వ్యాధి వ్యాప్తి దేశములో హెచ్చుగా గల రాష్ట్రములలో చేరియున్నవి. అదియును గాక, ఒక మాట దాచుటకును ఒక ప్రాణము నిలుచుటకును గల సంబంధము ఈ రంగమునందు కనబడినంత స్పష్టముగా వేరొకచోట కనబడదు.

రహస్యము—ప్రాణము

హెచ్.ఐ.వి. సోకినదనగానే మరణమే శరణ్యమను కాలము గడచిపోయినది. 2004వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీ నుండి మన దేశమున ప్రభుత్వము ఎ.ఆర్.టి. మందులను ఉచితముగా ఇచ్చుచున్నది. వీనిని దినదినము తప్పక జీవితాంతము వాడవలయును. అట్లు వాడినవారి రక్తములో వైరస్ పరీక్షకు సైతము చిక్కనంత తగ్గిపోవును. వారు అందరివలె పనిపాటలు చేసికొని చిరకాలము బ్రతుకుదురు. వైరస్ అట్లు అణగియున్నంత కాలము దాంపత్యమువలన అది రెండవవారికి సోకదు. మందు నడుమ మానినచో వైరస్ తిరిగి విజృంభించును. ఒక్కొక్కప్పుడు వెనుకటి మందులకు లొంగకుండ మొండిదియు నగును.

కావున రోగి నిర్ణీత దినమున చికిత్సా కేంద్రమునకు పోవుట, మందు తెచ్చుకొనుట, ఇంట వేసికొనుట—ఈ మూడును ఎడతెగక జరుగవలయును. దీనికి అడ్డువచ్చునది మందు ఖరీదు కాదు, అది ఉచితము. తరచుగా అడ్డువచ్చునది భయము. “ఆ వరుసలో నిలుచుండగా మా ఊరివారు చూచిరేని?” అను భయము. ఈ భయముచేతనే కొందరు సమీపమునందలి కేంద్రమును విడిచి, ఒక దినము కూలి పోగొట్టుకొని, బస్సు చార్జీలు పెట్టుకొని, పొరుగు జిల్లాకు పోవుచుందురు. మందుసీసాపై కాగితమును చింపివేసి, బియ్యపు డబ్బాలో దాచువారు కలరు. ఇంటిలో చుట్టములున్న దినమున మందు వేసికొనకయే యుండువారును కలరు.

ఆ భయము ఉత్తది కాదు. విషయము పొక్కినచో అద్దెయిల్లు ఖాళీ చేయుమనువారు, బడిలో బిడ్డను వేరుగా కూర్చుండబెట్టువారు, కుదిరిన పెండ్లిని త్రోసివేయువారు ఇంకను మనలో నున్నారు. కలసి భుజించుటవలన, తాకుటవలన, ఒక నూతి నీరు త్రాగుటవలన ఈ వ్యాధి సోకదని ఎన్నియో యేండ్లుగా చెప్పుచున్నను, వినియు విననట్లుండువారు లేకపోలేదు.

ఇక ఒక సంఘమునుండి ఒక పేరు బయటపడినదనుకొందము. నష్టపడునది ఆ యొక్కరే కారు. ఆ వార్త విన్న మరి పదిమంది, తమకు అనుమానమున్నను, పరీక్షకు రారు. వచ్చుచున్నవారు రాక మానుదురు. ఒక్క నోరు జారినందున పది గడపలు మూతపడును. అందుచేతనే మేము మనవి చేయునది, రహస్యరక్షణము ఆఫీసు లాంఛనము కాదు. అది చికిత్సలో ఒక భాగము. మందుసీసా ఎంత ముఖ్యమో, రిజిస్టరు పెట్టెకు తాళము అంత ముఖ్యము.

“పల్లెలో దాగునదేమున్నది? ప్రొద్దు గూకకమునుపే అందరికిని తెలిసిపోవును గదా!” అని కొందరు వాదింతురు. దీనికి సమాధానము కలదు. రచ్చబండ కడ పుట్టిన వదంతికి సాక్ష్యము లేదు. నాలుగు దినములకు అది చల్లారును. మన రిజిస్టరులోని పంక్తి సాక్ష్యము. అది కంప్యూటరులో నున్నచో చల్లారదు. ఒక్క నిమిషములో వేయి నకళ్లై వేయి చోట్లకు పోగలదు. ‘పెదవి దాటిన పృథివి దాటు’నను సామెత మన పూర్వులు నోటిమాటను గూర్చి చెప్పినదే యైనను, నేటి ఫోనునకు అది అక్షరాల సరిపోవుచున్నది.

చట్టమేమి చెప్పుచున్నది?

ఇంతవరకు ధర్మమును గూర్చి చెప్పితిమి. ఈ ధర్మమునకు నేడు చట్టబలము కూడ కలదు.

2017వ సంవత్సరమున మన పార్లమెంటు హెచ్.ఐ.వి., ఎయిడ్సు నివారణ నియంత్రణ చట్టమును ఆమోదించినది. అది 2018 సెప్టెంబరు 10వ తేదీ నుండి అమలులోనికి వచ్చినది. దాని 8వ సెక్షను ప్రకారము, నమ్మకముతో చెప్పగా తెలిసిన ఇంకొకరి హెచ్.ఐ.వి. సంగతిని గాని, వారి స్వవిషయములను గాని, వారి సమ్మతి లేనిదే బయటపెట్టరాదు. ఆ సమ్మతి విషయమంతయు తెలిసికొని యిచ్చినదై యుండవలయును. అది వ్రాతపూర్వకముగా నమోదు కావలయును. 11వ సెక్షను మరియొక విధిని విధించినది. ఇట్టి రికార్డుల నుంచు ప్రతి సంస్థయు అవి బయటపడకుండ ఏర్పాట్లు చేయవలయును. వానిని ఎవరు చూడవచ్చునో నియమముండవలయును. ఏ రూపమున దాచినను భద్రముగా దాచవలయును. తప్పు జరిగినచో ఎవరు జవాబుదారియో ముందుగనే నిర్ణయించియుండవలయును.

అదే 2017 ఆగస్టు 24వ తేదీన సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తులతో కూడిన ధర్మాసనము, పుట్టస్వామిగారి కేసులో, వ్యక్తి గోప్యత రాజ్యాంగము ప్రసాదించిన ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవముగా తీర్పు చెప్పినది. గోప్యత ధనవంతుల విలాసము కాదు; గుడిసెలోని కూలివానికిని అది హక్కే.

తదుపరి 2023 ఆగస్టులో, కంప్యూటరులలో నుంచు వ్యక్తిగత సమాచార రక్షణకై ప్రత్యేక చట్టము వచ్చినది. దాని నియమావళి 2025 నవంబరులో ప్రకటింపబడినది. సంస్థలు పాటింపవలసిన ముఖ్య విధులకు ఆ ప్రకటనలోనే 18 నెలల గడువీయబడినది. భద్రత విషయమున అశ్రద్ధ చేసిన సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించుటకు ఆ చట్టము వీలు కల్పించినది. ఇంత పెద్ద మొత్తము చిన్న సంఘములను బెదరించుటకు కాదు. విషయము ఎంత బరువైనదో తెలుపుటకు దీనిని చెప్పుచున్నాము.

ఇచ్చట ఒక సూక్ష్మమును గుర్తింపుడు. కేవలము కాగితముపై నున్న వ్రాతకు 2023 చట్టము వర్తింపదు. ఆ కాగితమును కంప్యూటరులోని కెక్కించిన పిదప వర్తించును. కాని 2017 చట్టము మాత్రము కాగితమునకును కంప్యూటరునకును సమానముగా వర్తించును. కావున “మా సంఘములో కంప్యూటరే లేదు” అనుట తప్పించుకొను మార్గము కానేరదు.

ఆచరణలో ఎట్లు?

మొదటిది, అవసరమైనదే అడుగుట. మన సంఘము పోషకాహారపు సంచి ఇచ్చుచున్నదనుకొందము. దానికి ఇంటిలో నెందరున్నారో, చిన్నబిడ్డ లెందరో తెలిసిన చాలును. కులమేమి, పొలమెంత, జబ్బు ఎవరివలన వచ్చినది అను ప్రశ్న లేల? “ఉండనిమ్ము, ఎప్పటికైన పనికివచ్చును” అని వ్రాసికొన్న ప్రతి వివరమును కాపాడవలసిన భారమగును. లేనిదానిని ఎవడును దొంగిలింపలేడు.

రెండవది, ఎందులకో చెప్పి సమ్మతి పొందుట. కాగితము ముందుంచి “ఇచ్చట వ్రేలిముద్ర వేయుము” అనుట సమ్మతి కాదు. ఏమి వ్రాయుచున్నామో, ఎవరు చూతురో, ఎంతకాల ముంచెదమో వారి భాషలో చదివి వినిపింపవలయును. సమాచారము తీసికొనుటకు ముందు ఇచ్చు నోటీసు ఇంగ్లీషులోనే గాక, రాజ్యాంగము ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలో కోరినదానిలో లభింపవలయునని 2023 చట్టము చెప్పుచున్నది. తెలుగు అందులో నున్నది. ఇచ్చిన సమ్మతిని వెనుకకు తీసికొనుటకును వారికి హక్కు కలదు. ఇచ్చుట యెంత సులభమో వెనుకకు తీసికొనుటయు అంత సులభముగా నుండవలయును.

మూడవది, పేరును జబ్బును ఒకచోట వ్రాయకుండుట. ఒక పుస్తకములో పేరు, దానికెదురుగ ఒక సంఖ్య; వేరొక పుస్తకములో సంఖ్య, దానికెదురుగ చికిత్స వివరములు. రెండు పుస్తకములను రెండు తాళములక్రింద ఉంచవలయును. ఒకటి పోయినను రెండవది లేనిదే చూచినవానికి అర్థము కాదు. రిజిస్టరు అట్టపై వ్యాధి పేరు పెద్ద అక్షరములతో వ్రాయు అలవాటును నేటితో మానుడు.

నాలుగవది, ఇంటికి పోవునపుడు, ఫోను చేయునపుడు జాగ్రత్త. మొదటి దినముననే “అమ్మా, మీకు ఫోను చేయవచ్చునా? ఏ వేళ చేయమందురు? వేరెవరైన ఎత్తినచో ఏమని చెప్పమందురు?” అని అడిగి వ్రాసికొనుడు. పల్లెలో ఒక్క ఫోను ఇంటిల్లపాదికి నుండును. అత్తగారు ఎత్తవచ్చును, బిడ్డ ఎత్తవచ్చును. ఎత్తినది ఎవరో తెలియకమునుపే “మందు తీసికొనలేదేమి?” అని అడిగిన కార్యకర్త, సేవచేయుచున్నానని తలచుచు ఒక కాపురమును చెరుపుచున్నాడు. మందు మానినవారిని వెదకుచు పోవునపుడు సంఘము బోర్డుగల జీపును వాకిట నిలుపుటయు, వీథిలో ఇల్లెక్కడని పేరుపెట్టి విచారించుటయు తగదు.

ఐదవది, చేతిలోని ఫోను. కార్యకర్త తన సొంత ఫోనుతో ఆధారు కార్డుకు ఫొటో తీయును. పని ముగిసినను ఆ ఫొటో అట్లే యుండును. సాయంకాలము ఇంటిలోని పిల్లలు ఆ ఫోనుతో ఆడుకొందురు. ఆరునెలలకు కార్యకర్త ఉద్యోగము మానును. ఫొటోలు అతనితోనే పోవును. సంఘము పనికి సంఘము ఫోనే వాడవలయును. దానికి సంకేతపదము పెట్టవలయును. పని విడిచినవారినుండి ఫోనును, తాళములను, సంకేతపదములను అదే దినమున వెనుకకు దీసికొనవలయును. జెరాక్సు దుకాణమున చెడిన నకలును అచ్చటనే పారవేయక వెంట తెచ్చుకొనవలయును.

ఆరవది, ఎవరికి చెప్పవచ్చును, ఎవరికి చెప్పరాదు. చికిత్సకు అవసరమైనపుడు ఒక వైద్యుడు ఆ చికిత్సలో పాల్గొను మరియొక వైద్యునికి చెప్పవచ్చును. పేర్లు లేకుండ, మనిషిని గుర్తుపట్టుటకు వీలులేని లెక్కలు ఇయ్యవచ్చును. కాని గ్రామ పెద్ద “మా ఊరిలో ఎవరెవరో పేర్లీయుడు, సాయము చేసెదను” అని ఎంత సదుద్దేశముతో అడిగినను పేర్లీయరాదు. సాయము చేయగోరిన, ఆ సాయమును సంఘముద్వారా పంపుమని వినయముగా చెప్పవలయును. విరాళమిచ్చిన దాత బియ్యపు సంచితో నిలిచిన స్త్రీ ఫొటో కోరినను ఇదే సమాధానము. సంచి పుచ్చుకొన్నంత మాత్రమున ఆమె తన ముఖమును అమ్ముకొనలేదు. ఇంకను ఒక హెచ్చరిక. ఊరిలో పది పన్నెండు గడపలే యున్నచోట “ఈ ఊరిలో ఒకరు” అని లెక్క చెప్పుటయు పేరు చెప్పినట్లే యగును.

ఏడవది, పని తీరిన పిదప తుడిచివేయుట. చట్టము ఫలానికాల ముంచుమని చెప్పినవానిని అంతవర కుంచి, తక్కినవానిని నాశనము చేయవలయును. ప్రాత రిజిస్టరులను తూకమునకు అమ్ముట మన కార్యాలయములలో వాడుక. ఆ కాగితములు కిరాణా దుకాణము చేరి, బెల్లము పొట్లమై ఎవరి యింటికి పోవునో ఎవ్వరు చెప్పగలరు? చించి, తగులబెట్టి, ఆ విషయమును తేదీతో నమోదు చేయుడు.

ఇతర దేశములలో జరిగిన రెండు సంఘటనలు

ఈ జాగ్రత్తలు మితిమీరినవని కొందరికి తోచవచ్చును. సేవాభావముగల వారిచేతనే ఎట్టి పొరపాట్లు జరిగినవో చూపుటకు రెండు నిజమైన సంఘటనలు చెప్పుచున్నాము.

స్కాట్లండు దేశమున ‘హెచ్.ఐ.వి. స్కాట్లండు’ అను సేవాసంఘము ఒకటి పనిచేసెడిది. 2020 ఫిబ్రవరిలో ఆ సంఘము తన సలహాబృందములోని 105 మందికి ఒక ఈ-మెయిలు పంపినది. పంపినవారు చిరునామాలను ఒకరివి ఒకరికి కనబడని గడిలో వ్రాయుటకు బదులు, అందరికిని కనబడు గడిలో వ్రాసిరి. ఆ చిరునామాలలో 65 మనుష్యుల పేర్లను తెలుపునవే. అందుకొన్న ప్రతివారికిని తక్కినవారి పేర్లు తెలిసిపోయినవి; వాటినిబట్టి వారి ఆరోగ్యమును గూర్చి ఊహించుటకు వీలు కలిగినది. 2021 అక్టోబరులో ఆ దేశపు సమాచార కమిషనరు కార్యాలయము సంఘమునకు 10,000 పౌండ్ల జరిమానా విధించినది. ఇచ్చట దొంగ లేడు, శత్రువు లేడు. అంతకంటె భద్రమైన పంపకపు పద్ధతిని సంఘము కొన్ని నెలలముందే సమకూర్చుకొన్నది. ఈ బృందమునకు మాత్రము దానిని ఇంకను వాడలేదు. అంతే.

మన పల్లెలలో ఈ-మెయిలు తక్కువ, వాట్సాపు ఎక్కువ. మందు తీసికొనువా రందరిని ఒక్క వాట్సాపు గ్రూపులో చేర్చి “రేపు కేంద్రమునకు రండు” అని వ్రాసినచో, ఒకరి నంబరు ఒకరికి కనబడును. స్కాట్లండులో జరిగినదే మన ఊరిలోను జరిగినట్లు. ఎవరికి వారికి వేరుగా కబురు పంపుటకు పావుగంట ఎక్కువ పట్టును. ఆ పావుగంట ఖరీదు చాల తక్కువ.

రెండవది అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ విషయము. 1863లో జెనీవా నగరమున స్థాపితమైన ఈ సంస్థకు మనుష్యుల వివరములను భద్రపరచుటలో దీర్ఘమైన అనుభవము కలదు. మొదటి ప్రపంచయుద్ధములో, 1914 నుండి, యుద్ధఖైదీల ఆచూకీ తెలుపుటకై అది సుమారు 70 లక్షల కార్డులు వ్రాసి యుంచినది. నేటికిని యుద్ధములలో, వరదలలో, వలసలలో విడిపోయినవారిని కుటుంబములతో కలుపుచున్నది. ఆ పనికై కనీసము 60 దేశముల రెడ్‌క్రాస్, రెడ్‌క్రెసెంట్ సంఘములు సేకరించిన 5,15,000 మందికి పైగా అభాగ్యుల వివరములున్న కంప్యూటరులలోనికి అపరిచితులు చొరబడినట్లు 2022 జనవరి 18వ తేదీన కనుగొనబడినది. వారు ప్రవేశించినది 2021 నవంబరు 9వ తేదీన. డెబ్బది దినములు దొంగ ఇంటిలోనే యున్నాడు. కారణము, ఒక కంప్యూటరు లోపమును సకాలములో సరిచేయకపోవుట.

అయినను ఆ సంస్థ తరువాత చేసిన పని మనకు ఆదర్శము. విషయమును కప్పిపుచ్చలేదు, మరుసటి దినముననే లోకమునకు ప్రకటించినది. వివరములు పోయినవారికి ఫోనులద్వారా, లేఖలద్వారా తెలియజేసినది. దూరప్రాంతములలో నున్న కొందరికి కార్యకర్తలు స్వయముగా పోయి చెప్పవలసివచ్చినది. మన నూతన చట్టమును ఇదే చెప్పుచున్నది. సమాచారము బయటపడినచో నష్టపడినవారికి జాప్యము చేయక తెలుపవలయును; ప్రభుత్వము నియమించు సమాచార రక్షణ బోర్డునకు వెంటనే తెలిపి, 72 గంటలలో పూర్తి వివరము లీయవలయును. తాళము పగిలినదని ఇంటివానికి చెప్పినచో వాడు మిగిలినది కాపాడుకొనును. చెప్పకున్నచో రెండుమార్లు నష్టపడును.

మినహాయింపులు

అన్ని రహస్యములును అన్ని వేళల దాచవలసినవేనా? కాదు. న్యాయము కొరకు అవసరమని కోర్టు ఆజ్ఞాపించిన చెప్పవలయును. పదునెనిమిదేండ్లు నిండని బిడ్డపై లైంగిక అత్యాచారము జరిగినదని తెలిసినపుడు, 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము పోలీసులకు తెలుపుట మన విధి. అచ్చట మౌనము నేరము.

దంపతులలో ఒకరికి హెచ్.ఐ.వి. ఉండి రెండవవారికి చెప్పనపుడు ఏమి చేయవలెనను ప్రశ్న కష్టమైనది. చెప్పకున్న రెండవవారి ప్రాణమునకు అపాయము. చెప్పిన మొదటివారి నమ్మకమునకు భంగము. దీనికి 2017 చట్టము ఒక దారి చూపినది. చెప్పు అధికారము వైద్యునికి, కౌన్సెలరునకు మాత్రమే కలదు. వారును ముందుగా రోగికి నచ్చజెప్పి, తానే చెప్పునట్లు ప్రయత్నింపవలయును. రోగి చెప్పడని నిశ్చయమైన పిదప, తాము చెప్పబోవుచున్నట్లు రోగికి తెలిపి, అటుపిమ్మట జీవితభాగస్వామిని స్వయముగా కూర్చుండబెట్టి సలహాలతో చెప్పవలయును. స్త్రీ విషయమున, చెప్పినచో భర్త కొట్టునని, విడిచిపెట్టునని తగిన అనుమానమున్నపుడు చెప్పరాదు. ఇతర కార్యకర్తలకు, ఎంత మంచివారైనను, ఈ అధికారము లేదు.

ఈ మినహాయింపులను దాచిపెట్టి “ఎన్నడును ఎవరికిని చెప్పను” అని ఒట్టు పెట్టుటయు న్యాయము కాదు. ఏది దాచెదమో, ఏది దాచలేమో మొదటి దినముననే చెప్పవలయును.

చెప్పుకొన్నవారి హక్కులు

ఇక సహాయము పొందు సోదర సోదరీమణులకు రెండు మాటలు. మీరు సంఘమునకు వచ్చినది యాచకులుగా కాదు. మిమ్ము గూర్చి ఏమి వ్రాసికొన్నారో అడిగి తెలిసికొను హక్కు మీకు కలదు. తప్పుగా వ్రాసియున్నచో దిద్దింపవచ్చును. పని తీరిన పిదప తుడిచివేయుమని కోరవచ్చును. ఎవరికి ఫిర్యాదు చేయవలెనో చూపుమని అడుగవచ్చును. హెచ్.ఐ.వి. కారణముగా వైద్యము నిరాకరించినను, వివక్ష చూపినను, 2017 చట్టము క్రింద రాష్ట్రప్రభుత్వము నియమించు ఓంబుడ్స్‌మన్‌కు చెప్పికొనవచ్చును. ఆయన 30 దినములలో ఆజ్ఞ ఇయ్యవలయును. కోర్టులో కేసు నడచినను, మీ పేరు బయటకు రాకుండ మారుపేరుతో నడుపుమని కోరు అవకాశమును ఆ చట్టము కల్పించినది. సందేహము లున్నచో 1097 నంబరునకు ఉచితముగా ఫోను చేసి, పేరు చెప్పనవసరము లేకయే సలహా పొందవచ్చును.

ఫొటో ఈయననిన కారణమున, చూపనవసరము లేని కార్డు చూపననిన కారణమున సాయమును ఆపుట ధర్మము కాదు. “ఇది ఎందులకు?” అని మీరడిగిన దినమున మంచి కార్యకర్త కోపగింపడు, సంతోషించును.

తక్కిన గ్రామస్థులకును మా మనవి కలదు. సంఘము ఎంత కట్టుదిట్టము చేసినను, కేంద్రము వాకిట కనబడిన పొరుగువానిని గూర్చి మనము రచ్చబండ కడ చెప్పినచో ఆ కట్టుదిట్టమంతయు వ్యర్థము. నోరు మంచిదైన ఊరు మంచిదగునని మన పెద్దలు చెప్పియే యున్నారు.

కార్యకర్తలారా, రేపు ఉదయము మీరు కార్యాలయము తలుపు తెరచినపుడు ఒక్క పని చేయుడు. రిజిస్టరులెక్కడ నున్నవి, తాళములెవరి కడ నున్నవి, ఫోనులలో ఏ ఫొటోలు మిగిలియున్నవి, పని మానినవారి చేతిలో ఏమి యుండిపోయినది అని ఒక్కమారు లెక్క చూచుకొనుడు. ఆ లెక్కలో తేలిన లోటును ఈ వారములోనే సరిచేయుడు. భయపడుచు మీ గడప త్రొక్కిన మనిషి రెండవమారు భయము లేక వచ్చినదనిన, ఆమె మందు ఆగలేదనిన, ఆ ఫలములో మీ తాళపుచెవికిని భాగమున్నదని నమ్ముడు.